కోలుకోవడం పొద్దుటి టిఫిన్‌తో మొదలవుతుంది

(గుంటూరులోని ఒక మహిళా కళాశాలలో విద్యార్థినులు, తల్లిదండ్రులు, హాస్టల్ వార్డెన్ల కోసం పెట్టిన సమావేశంలో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసింది.)

నమస్కారమండీ అందరికీ. మైకు వెనక వరసల దాకా వినపడుతోందా? వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి. గోడవారగా నుంచున్న నాన్నగార్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ఈ మీటింగుకి అమ్మలే వస్తారనుకున్నాను. నాన్నలూ వచ్చారు, సంతోషం.

ఇవాళ బులీమియా గురించి మాట్లాడుకుందాం. జబ్బేమిటో గబగబా చెప్పేస్తాను. దాన్నించి బయటపడటం గురించే ఎక్కువసేపు మాట్లాడాలని నా ఆశ. ఎందుకంటే, నా దగ్గరికొచ్చే పిల్లలు "నాకేమైంది మేడమ్?" అని అడగరు. ఏమైందో వాళ్లకి ఈపాటికి ఫోను చెప్పేసి ఉంటుంది. వాళ్లడిగేది ఒక్కటే. "ఇది తగ్గుతుందా?"

తగ్గుతుంది. మధ్యలో లేచి వెళ్లేవాళ్లు ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నాను, తగ్గుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ పరిశోధకులు కొంతమంది రోగుల్ని ఇరవై ఏళ్లకు పైగా గమనిస్తూ వచ్చి, 2017లో ఆ లెక్కలు ప్రచురించారు. బులీమియాతో వచ్చినవాళ్లలో 68 శాతం మంది కోలుకున్నారు. అంటే మూడింట రెండు వంతుల మంది. మిగతా ఒక వంతు సంగతి కూడా నిజమే, దాచను. అందుకే కదా త్వరగా రమ్మని మేం మొత్తుకునేది.

సరే, జబ్బేమిటి? కొద్ది సమయంలో, మామూలుగా ఎవరూ తిననంత తినేయడం. తింటున్నంతసేపూ "నేను ఆపుకోలేకపోతున్నాను" అన్న బాధ. తర్వాత, తిన్నది ఒంటికి పట్టకూడదని వాంతి చేసుకోవడమో, విరేచనాల మాత్రలో, మర్నాడంతా పస్తో, ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామమో. దీనికి తోడు, నా విలువంతా నా ఒంటి బరువులోనే ఉందన్న నమ్మకం. ఇది వారానికి ఒక్కసారైనా, మూడు నెలల పాటు జరుగుతుంటే బులీమియా అంటారు. 2013కి ముందు, జబ్బు నిర్ధారించడానికి డాక్టర్లు చూసే నియమాల్లో వారానికి రెండుసార్లు అని ఉండేది. ఒక్కసారి జరిగేవాళ్లు కూడా తక్కువేమీ నలిగిపోవడం లేదని గమనించి తగ్గించారు. కాబట్టి "ఎప్పుడో ఆదివారం ఒకసారే కదా మేడమ్" అనకండి.

ఇందులో తల్లిదండ్రులు బోల్తా పడేది ఎక్కడో తెలుసా? పిల్ల సన్నబడదు. చాలామంది మామూలు బరువే ఉంటారు, కొందరు కాస్త ఎక్కువే ఉంటారు. "మా అమ్మాయికేం, బాగానే ఉంది, బాగానే తింటోంది" అంటారు. తింటోంది, నిజమే. 1979లో లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్లో జెరాల్డ్ రస్సెల్ అనే సైకియాట్రిస్ట్ మొదటిసారి దీన్ని విడిగా గుర్తించి పేరు పెట్టాడు. 30 మంది రోగుల గురించి రాశాడు. అంతకుముందు ఈ పిల్లలు లేరా? ఉన్నారు. బక్కచిక్కి ఉంటేనే జబ్బు అనుకునేవాళ్ల కంటికి కనపడలేదు. మనకి ఇప్పటికీ కనపడటం లేదు. మగపిల్లల్లో అయితే మరీనూ. జిమ్ముకెళుతున్నాడు, మంచిదే అనుకుంటాం.

"ఇవన్నీ అమెరికా జబ్బులండీ, మనవాళ్లకెందుకొస్తాయి" అని ఒక పెద్దాయన పోయిన మీటింగులో అన్నారు. ఆయన ఇవాళ రాలేదనుకుంటా. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతం ఉంది, నద్రోగా అని. బొద్దుగా ఉంటే బాగున్నట్టు అక్కడ. ఇంటి ముందు నుంచి ఎవరైనా నడిచి వెళుతుంటే, రండి, తిని వెళ్లండి అని పిలుస్తారు. మన ఊళ్లలాగే. 1995లో అక్కడికి టీవీ వచ్చింది. టీవీ వచ్చిన కొత్తలో ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు స్కూలు ఆడపిల్లల్ని అడిగింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు. 1998లో మళ్లీ అడిగింది. 11 శాతం! మూడేళ్లలో. అది కూడా ఒట్టి టీవీతో. ఇవాళ మన పిల్లల చేతిలో ఏముందో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఒక అమ్మాయి గురించి చెబుతాను. నిజానికి ఒక అమ్మాయి కాదు, నాలుగైదు కేసులు కలిపి చెబుతున్నాను. ఎవరో కనిపెడదామని చూడకండి, దొరకరు. డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. మా దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకీ మొదటివారం ఒక పని ఇస్తాం. ఏం తిన్నావు, ఎన్నింటికి, ఎక్కడ, ఆ టైములో మనసులో ఏముంది, ఇవి రాయాలి. తూకం వేసి రాయక్కర్లేదు, లెక్కలు కట్టక్కర్లేదు. రాయాలంతే. ఆ అమ్మాయి లాంగ్ నోట్‌బుక్కు వెనకవైపు నుంచి మొదలుపెట్టి రాసుకొచ్చింది. ముందువైపు స్టాటిస్టిక్స్ నోట్సు. ఎవరైనా తెరిస్తే చదువుకుంటోందనుకుంటారని.

ఒక పేజీ చదువుతాను. పొద్దున్న ఎనిమిది: కాఫీ. మెస్సుకి వెళ్లలేదు. "నిన్న రాత్రి అంత తిన్నాక ఏ మొహం పెట్టుకుని తినాలి." పదకొండు: నీళ్లు. ఒంటిగంట: కొంచెం పెరుగన్నం. పక్కన, "అన్నం ముట్టనని ఒట్టేసుకున్నాను, మళ్లీ తిన్నాను." ఐదు: ఫ్రెండు సమోసా ఇచ్చింది, వద్దంది. "గెలిచాను" అని రాసింది. ఏడు: తలనొప్పి. రాత్రి తొమ్మిదిన్నర... అక్కడినుంచి చేతిరాత మారిపోయింది. గీత మీద నిలబడట్లేదు. రూమ్మేటు ఊరెళ్లింది, ఇంటినుంచి వచ్చిన డబ్బాలున్నాయి. ఏమేం తిందో రాసింది, అది నేను చదవను. కింద ఒక్క ముక్క: "నేను మనిషిని కాదు."

ఇప్పుడు చెప్పండి. ఈ పేజీలో తేడా ఎక్కడ మొదలైంది? చెప్పండమ్మా, తప్పేం లేదు. ఎవరో రాత్రి తొమ్మిదిన్నర అన్నారు. ఇంకా? రూమ్మేటు లేనప్పుడు అన్నారు. డబ్బాలు పంపినప్పుడు అంటున్నారు ఒక అమ్మగారు, పాపం తన మీదే వేసుకుంటున్నారు. లేదండీ. పొద్దున్న ఎనిమిదింటికి మొదలైంది. మెస్సుకి వెళ్లనప్పుడు. ఐదింటికి "గెలిచాను" అని రాసుకుంది చూశారా, ఓటమి అక్కడ ఖాయమైపోయింది.

ఇది నా అభిప్రాయం కాదు. రెండో ప్రపంచ యుద్ధం ఆఖర్లో, 1944-45లో, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంతో కరువు పాలైన జనానికి మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి. 36 మంది కుర్రాళ్లు. ఆరోగ్యవంతులు, మనసు దిటవైనవాళ్లు అని పరీక్ష చేసి మరీ తీసుకున్నారు. ఇష్టపడి వచ్చినవాళ్లు. ఆరునెలల పాటు సగం కడుపుకి పెట్టారు. ఏమైంది? రాత్రీ పగలూ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివారు. చిరాకు, దిగులు. కొందరు ఆపుకోలేక దొంగతనంగా తినేశారు, తిన్నాక తమని తాము అసహ్యించుకున్నారు. ఆహారం మళ్లీ ఇచ్చాక కొందరు ఎంత తిన్నా ఆగలేకపోయారు. వాళ్లకి నాజూగ్గా ఉండాలన్న కోరిక లేదు. ఫ్యాషన్ పత్రికలు చదివినవాళ్లు కాదు. కడుపు మాడ్చారు, అంతే.

మీరొకసారి ముక్కు మూసుకోండి. నోరు కూడా. నిజంగానే. ఉండండి... ఇంకాస్త... సరే, వదలండి. ఎలా పీల్చారు? ఆబగా పీల్చారు. మీకు నిగ్రహం లేదని ఎవరైనా అంటారా? ఆ అమ్మాయి రాత్రి తొమ్మిదిన్నరకి చేసింది కూడా అదే.

అందుకని మా వైద్యం వాంతి దగ్గర మొదలవదు. ఇది విని చాలామంది తల్లిదండ్రులు నిరాశపడతారు. "ముందు ఆ వాంతులు ఆపించండి డాక్టరుగారూ" అంటారు. ఆపిస్తామండీ, కానీ దారి అటునుంచి లేదు. దారి టిఫిన్ దగ్గరుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టొఫర్ ఫేర్‌బర్న్ అనే ఆయన 1980ల మొదట్లో బులీమియా కోసం ఒక పద్ధతి తయారుచేశాడు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ అంటాం. మాట్లాడుతూ చేసే వైద్యం, కానీ ఒట్టి కబుర్లు కాదు, ప్రతివారం పని ఉంటుంది. మామూలుగా ఇరవై సిట్టింగులు, ఐదు నెలలు. ఇన్నేళ్లలో దీనిమీద జరిగినన్ని పరీక్షలు ఇంకే పద్ధతి మీదా జరగలేదు.

మొదటి మెట్టు: మూడు పూటలా తినాలి, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. ఆకలేసినా తినాలి, వేయకపోయినా తినాలి. రాత్రి అదుపు తప్పినా సరే, మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఇడ్లీ తినాలి. ముఖ్యంగా అప్పుడు తినాలి! పిల్లలు ఇక్కడే ఎదురుతిరుగుతారు. "నిన్న తిన్నదానికి శిక్షగా ఇవాళ మానేయాలి గానీ మళ్లీ తినమంటారేంటి?" అంటారు. ఆ శిక్షే ఇవాళ రాత్రికి విత్తనం అని పేజీ చూపిస్తాం. వాళ్ల చేతిరాతే కదా, కాదనలేరు.

"అలా తింటే లావైపోనా?" తర్వాత ప్రశ్న ఇదే. ప్రతివాళ్లూ అడుగుతారు. ఈ వైద్యంలో చాలామందికి బరువు పెద్దగా మారదు. ఇంకోటి, వాంతితో తిన్నదంతా పోతుందనుకోవడం భ్రమ. శరీరం అప్పటికే చాలావరకు తీసేసుకుంటుంది. విరేచనాల మాత్రలతో పోయేది నీళ్లూ లవణాలూ. అంటే ఇంత హింస పడీ సాధించేది ఏమీ లేదు. ఇది చెప్పినప్పుడు కొందరు పిల్లలు ఏడుస్తారు. ఇన్నేళ్లు దేనికోసం అని.

బరువు చూసుకోవడం వారానికి ఒక్కసారి, మా దగ్గరే. ఇంట్లో మెషిన్ ఉంటే అటకెక్కించేయండి. రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగితే ఆ అంకె ఉదయానికీ సాయంత్రానికీ మారుతూనే ఉంటుంది, నీళ్లు తాగినా మారుతుంది. దాన్ని బట్టి ఆ రోజు మంచిదో చెడ్డదో తేల్చుకుంటూ కూచుంటారు.

నాలుగైదు వారాలకి టైము ప్రకారం తినడం కుదిరాక, ఎపిసోడ్లు, అంటే అలా అదుపు తప్పి తినేసి వాంతి చేసుకోవడాలు, చాలావరకు తగ్గిపోతాయి. మొదటి నెలలోనే తగ్గుదల కనపడినవాళ్లు చివరికి బాగా కోలుకుంటారని మాకు లెక్కలున్నాయి. అప్పుడు రెండో పని. "ముట్టకూడనివి" అని ప్రతి అమ్మాయికీ మనసులో ఒక పట్టిక ఉంటుంది. రాయమంటాం. అన్నం, నెయ్యి, బిర్యానీ, స్వీట్లు, పూరీ... ఒకమ్మాయి పట్టికలో అరటిపండు కూడా ఉంది. వాటిలో తక్కువ భయపెట్టే దానితో మొదలుపెట్టి ఒక్కోటీ మళ్లీ తినాలి. ఇందాకటి లాంగ్ నోట్‌బుక్కు అమ్మాయి ఒకరోజు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చింది. వాళ్ల పెద్దమ్మ పంపిందట. నా ఎదురుగా కూచుని కాగితం విప్పింది. చేతులు వణుకుతున్నాయి, ఆ పొర పొడిపొడిగా చున్నీ మీద రాలుతోంది. ఒకటి తింది. తిని, "ఇప్పుడు వెళ్లాలి" అంది. బాత్‌రూముకి అని. వెళ్లొద్దనలేదు నేను. పదినిమిషాలు ఆగి వెళ్లు అన్నాను. ఆ కోరిక పెరుగుతుంది, పెరుగుతుంది, ఒక దగ్గర ఆగి తగ్గడం మొదలుపెడుతుంది. అది తగ్గుతుందని ఎవరో చెబితే నమ్మరు, కూచుని చూడాలి. పది నిమిషాలయ్యాక ఇంకో పది అడిగాను. ముప్పావుగంట తర్వాత ఆ అమ్మాయి ఫోను తీసి బస్సు టైము చూసుకుంటోంది. నాకు అదిచాలు.

ఒంటి సంగతి. ఇక్కడ కాస్త భయపెట్టక తప్పదు. పదేపదే వాంతులైనా, విరేచనాలైనా రక్తంలో పొటాషియం పడిపోతుంది. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. పైకి చక్కగా కనపడే పిల్లకి కూడా. అందుకని మొదటివారమే రక్తపరీక్ష, ఈసీజీ తీయించాలి. గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, కండరాలు పట్టేయడం, వాంతిలో రక్తం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కౌన్సెలింగుకి కాదు రావాల్సింది, ఎమర్జెన్సీకి వెళ్లాలి. నెలసరి తప్పుతుంది. చెవుల కింద దవడ దగ్గర వాపు వస్తుంది, గవదబిళ్లలనుకుంటారు. పైపళ్ల లోపలివైపు ఎనామిల్ అరిగిపోతుంది. కొన్ని కేసులు మా దగ్గరికి పంపేది డెంటిస్టులే! ఎసిడిటీ అని, గ్యాస్ ట్రబుల్ అని, దిష్టి తగిలిందని తిరిగి తిరిగి, చివరికి పన్ను నొప్పితో బయటపడుతుంది. ఒక చిన్న జాగ్రత్త కూడా చెబుతాను. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకూడదు, ఆమ్లంతో మెత్తబడిన ఎనామిల్ ఇంకా అరుగుతుంది. నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

మందులున్నాయా అంటే ఉన్నాయి. ఫ్లూక్సెటీన్‌కి అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా బులీమియా కోసం అనుమతిచ్చింది. డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు, దీనికిచ్చే మోతాదు ఒకటి కాదు, అది సైకియాట్రిస్టు చూసుకోవాలి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకండి. బుప్రోపియాన్ అని ఇంకో మందుంది, బులీమియా ఉన్నవాళ్లకి దానితో ఫిట్స్ ప్రమాదం ఎక్కువ, వాడకూడదు. అందుకే డాక్టరు దగ్గర ఈ జబ్బు దాచకూడదు. ఒక్క మందులతోనే నయమైపోతుందని మాత్రం అనుకోకండి.

ఇక ఇల్లు. అమ్మలూ నాన్నలూ, ఇది మీకు.

తెలిసిన రోజున ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. అమ్మ ఏడుస్తుంది, "నీకేం తక్కువ చేశాం" అంటుంది. నాన్న ఫ్రిజ్‌కి తాళం వేస్తాడు. బాత్‌రూము తలుపు దగ్గర కాపలా. నవ్వకండి, తాళం వేసినాయన ఇంజినీరు. ప్రేమతోనే వేశాడు. కానీ ఈ జబ్బుకి బలం రహస్యమే. మీరు డిటెక్టివులైన కొద్దీ పిల్ల ఇంకా లోపలికి దాక్కుంటుంది. ఇంగ్లండు యువరాణి డయానా 1995లో బీబీసీకిచ్చిన ఇంటర్వ్యూలో తనకి ఏళ్ల తరబడి బులీమియా ఉందని చెప్పింది, దాన్ని రహస్యపు జబ్బు అంది. ప్రపంచమంతా ఆమెని ఫొటోలు తీస్తున్న కాలంలో జరిగిందది. అన్ని కెమెరాలకి దొరకనిది మీ తలుపు చప్పుడుకి దొరుకుతుందా?

మరేం చేయాలి? కలిసి తినండి. అదే టైముకి, అదే వంట, అదే బల్ల. పిల్లకి వేరే డైటు, మీకు వేరే భోజనం కాదు. తింటున్నంతసేపు తిండి గురించి మాట్లాడొద్దు. ఎంత వడ్డించుకుందో చూడొద్దు. తిన్న తర్వాత గంటసేపే అసలు కష్టం, అప్పుడు పక్కనుండండి. ఒక తల్లి ఏం చేసిందంటే, రోజూ రాత్రి భోజనమయ్యాక కూతుర్ని కూచోబెట్టుకుని అష్టాచమ్మా ఆడింది. గవ్వలు వేస్తూ ఆవిడ ఒక్కరోజు కూడా "ఎలా ఉంది, వాంతి వస్తోందా" అని అడగలేదు. నెలరోజులు ఆడారు. ఆ పిల్ల నాతో, "మా అమ్మ ఆటలో తొండి చేస్తుంది మేడమ్" అని ఫిర్యాదు చేసింది. ఇదండీ సపోర్టంటే.

పద్దెనిమిది లోపు పిల్లలైతే మీ పాత్ర ఇంకా పెద్దది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చూసే నైస్ అనే సంస్థ 2017లో, ఆ వయసు బులీమియాకి ముందు కుటుంబంతో కలిపి చేసే థెరపీ ఇవ్వమని చెప్పింది. ఆరునెలలు, పద్దెనిమిది ఇరవై సిట్టింగులు. అమ్మానాన్నలు దోషులు కాబట్టి పిలుస్తారనుకోకండి. రోజుకి మూడుపూటలా పిల్ల పక్కన ఉండేది మీరే కాబట్టి.

చుట్టాల సంగతి. మనవాళ్లకి పలకరింపే ఒంటితో మొదలవుతుంది. "ఏంటే, ఇలా చిక్కిపోయావ్?" లేకపోతే "ఏంటే, బాగా ఒళ్లు చేశావ్?" మధ్యలో ఉండటానికి వీల్లేదు! పెళ్లిలో మేనమామ అన్న ఒక్క మాట పట్టుకుని మొదలుపెట్టినవాళ్లు నా దగ్గర ఎంతమంది ఉన్నారో. మళ్లీ అదే మేనమామ విస్తరి ముందు కూచోబెట్టి "నా మీద ఒట్టు, ఇంకో రెండు గారెలు" అంటాడు. ఆ పిల్ల ఏం చేయాలి? కోలుకుంటున్న పిల్లకి "మొహం కళ వచ్చింది, కాస్త నిండుగా అయ్యావు" అన్నా అది లావయ్యావనే వినపడుతుంది. ఒంటి ఊసే ఎత్తకండి. చదువు అడగండి, సినిమా అడగండి.

ఉపవాసాలు. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, వ్రతాలు. నేనూ చేస్తాను. కానీ వైద్యంలో ఉన్నన్నాళ్లు పిల్లలు చేయకూడదు. ఉపవాసమంటే ఇంట్లో ఎవరూ అనుమానించరు, మెచ్చుకుంటారు కూడా, జబ్బుకి అంతకంటే మంచి ముసుగు దొరకదు. ఇక్కడున్న ముస్లిం అమ్మాయిలకి కూడా అదే చెబుతున్నాను, అనారోగ్యం ఉన్నవాళ్లకి రోజా నుంచి మినహాయింపు ఉంది, ఇంట్లో పెద్దల్ని అడగండి. బామ్మలకి నేను చెప్పే మాట, ఈ ఏడాది ఆ పిల్ల బదులు మీరు చేయండి, పుణ్యం ఎక్కడికీ పోదు.

వార్డెన్ మేడమ్స్ ఉన్నారు కదా, మీకు రెండే కోరికలు. ఎనిమిదిన్నరకి మెస్సు మూసేస్తే, ఎనిమిదీ ముప్ఫై ఐదుకి వచ్చిన పిల్ల కోసం ఒక ప్లేటు పక్కన పెట్టించండి. ఆ ప్లేటు మా ఇరవై సిట్టింగుల్లో మొదటి ఐదింటితో సమానం. రెండోది, హెల్త్ చెకప్ అని వరసలో నిలబెట్టి అందరి ముందూ బరువులు చదవకండి.

తిరగబెట్టడం గురించి ఒక మాట. పరీక్షలప్పుడు, ఇంట్లో పెళ్లప్పుడు, సంబంధాలు చూస్తున్నప్పుడు, లేదా అమెరికా వెళ్లి ఒక్కతే గదిలో ఉన్నప్పుడు మళ్లీ ఒక ఎపిసోడ్ రావచ్చు. వస్తుంది అనే అనుకోండి. "అంతా పోయింది, మళ్లీ మొదటికొచ్చాను" అనుకోవడమే ప్రమాదం. ఒకసారి జారడం వేరు, పడిపోవడం వేరు. అప్పుడేం చేయాలి? మీరే చెప్పండి, ఇంతసేపు విన్నారుగా. ఆఁ, టిఫిన్! మర్నాడు పొద్దున్న టైముకి టిఫిన్. నోట్‌బుక్కు మళ్లీ తీయడం. తెలిసిన ఒక్క మనిషికి ఫోన్ చేయడం. అమెరికాలో చదివే మన పిల్లలైతే, చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్లకి కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, వాడుకోండి.

ఎక్కడికెళ్లాలి అని చీటీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి, బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. ఎర్రగడ్డ అనగానే మొహాలు మారాయి, చూశాను. సినిమాల పుణ్యం. ఆసుపత్రికి వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శరీరపు జబ్బులకిచ్చినట్టే మనసు జబ్బులకి కూడా బీమా ఇవ్వాలి. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం కూడా ఆ చట్టంలో హక్కే.

ఇంకో చీటీ. స్టూడెంటు రాసినట్టుంది. "నా రూమ్మేటుకి ఉందని అనుమానం. వార్డెన్‌కి చెప్పనా?" ముందు ఆ అమ్మాయితోనే మాట్లాడు. ఇద్దరే ఉన్నప్పుడు, భోజనం టైములో కాదు. "నువ్వు వాంతి చేసుకుంటున్నావ్, నాకు తెలుసు" అని పట్టుకున్నట్టు కాదు. "కొన్నాళ్లుగా నువ్వు బాగాలేవనిపిస్తోంది, డాక్టరు దగ్గరికి తోడు రానా?" అను. ఒప్పుకోకపోతే పోనీ, వారం పోయాక మళ్లీ అడుగు. కళ్లు తిరిగి పడిపోయినా, చనిపోవాలనుంది అన్నా అప్పుడు మాత్రం ఎవరి మాటా వినకు, వెంటనే పెద్దవాళ్లకి చెప్పు. స్నేహం తర్వాత బాగుచేసుకోవచ్చు.

చివరి చీటీ, ఒక అమ్మగారిది. "పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. అవతలివాళ్లకి చెప్పాలా?" అడిగినందుకు థాంక్సండీ, అందరి మనసులోనూ ఉన్నదే ఇది. అత్తింటివాళ్లందరినీ కూచోబెట్టి ప్రకటించాల్సిన పనేం లేదు. పెళ్లి చేసుకోబోయే అబ్బాయికి చెప్పడం మంచిదని నేనంటాను. రేపు ఒకే కంచం దగ్గర కూచునేది అతను. కానీ ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది మీ అమ్మాయి నిర్ణయం, మీది కాదు, నాది కూడా కాదు. పెళ్లిచూపుల కోసం "ఈ రెండు నెలలు కాస్త తగ్గు" అని మాత్రం అనకండి. దయచేసి. వైద్యం మధ్యలో ఉంటే ముహూర్తం కాస్త వెనక్కి జరపండి. తర్వాత పిల్లల కోసం అనుకున్నప్పుడు గైనకాలజిస్టుకి తప్పకుండా చెప్పాలి. వేవిళ్ల వాంతులతో పాత అలవాటు మళ్లీ తలెత్తొచ్చు, ఆవిడకి తెలిసుంటే ముందునుంచే ఒక కన్నేసి ఉంచుతుంది.